పద్దెనిమిది పేజీల జహాజు

"1357 ఫసలీ, షహ్రేవర్ నెల. సోమవారం, సాయంత్రం. హాజరు: నేను, అక్క, బావ, అవ్వ, పోలీస్ పటేల్."

పైన ఊరి పేరు, తారీఖు అంకె తీసేస్తే, నా డైరీలో ఆ రోజు కింద ఉన్నది ఇంతే. పదిహేడో ఏట మొదలుపెట్టి ఇప్పటిదాకా రాసిన డైరీలు నా దగ్గర ఒక ఇనుప పెట్టె నిండా ఉన్నాయి. జ్వరంతో పడుకున్న రోజున కూడా అర పేజీ ఉంటుంది. ఇంత పొట్టి రోజు మరొకటి లేదు. ఫసలీ అంటే నిజాం సర్కారు వాడిన లెక్క. ఇంగ్లీషు లెక్కలో అది 1948, జూలై. పైన రాసిన ఐదుగురిలో మరునాడు పొద్దెక్కేసరికి ఇద్దరు ఊళ్లో లేరు.

మా ఊరు నల్లగొండ జిల్లాలో, కట్టంగూర్ సడకు నుంచి ఒక పూట నడక. ఊరికి తూర్పున, గాలి ఊరి మీదికి వీచని దిక్కున, మా వాడ. మా వాళ్లెవరికీ అప్పటికి గుంట భూమి లేదు. నేను మిషను బడిలో చదువుకుని, వాడలోనే ఒక పూరిపాకలో బడి చెబుతున్నాను. నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు. ఏడాదికి రెండుసార్లు తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు మొదటిసారే నా రిజిస్టరు చూసి, పేజీ పైన ఊరూ తారీఖూ లేవని విసిరికొట్టాడు. "జాగా, తారీఖు, హాజరు. ఈ మూడూ లేని కాగితం పొయ్యిలోకే పనికొస్తది," అన్నాడు. అప్పటినుంచి నేను ఏం రాసినా ముందు ఆ మూడూ రాసేవాణ్ణి. ఉత్తరాల మీద కూడా. అక్క నవ్వేది: "వీడు సచ్చిపొయ్యేటప్పుడు గూడ ఎవలెవలున్నరో రాసిపెట్టి సస్తడు."

అక్క మొగుడిది పాలమూరు వైపు. వాళ్లది మట్టిపని చేసే ముఠా. చెరువు కట్టలు, రైలు కట్టలు, ఎక్కడ పనుంటే అక్కడికి పారా తట్టా పట్టుకుని పోయేవాళ్లు. అలా ఒక కాంట్రాక్టరు వెంట బొంబాయి రేవుకు పోయి, అక్కడ పునాదులు తవ్వుతుండగా యుద్ధం వచ్చింది. రెండో ఏడు ఒక ఆఫీసరు వచ్చి వరుసలో నిలబెట్టి, భుజాలు చూసి, బావనూ ఇంకో పదిమందినీ ఓడ ఎక్కించాడు. యుద్ధం అయిపోయిన మరుసటి వేసవికి బావ తిరిగి వచ్చాడు. అటు పాలమూరులో మిగిలినవాళ్లు ఎవరూ లేక మా ఇంటనే ఉండిపోయాడు. ఊరంతా ఆయన్ని జహాజు, అంటే ఓడ, అనే పిలిచేది.

ఆ ఓడ సంగతి ఇక్కడ జ్ఞాపకం నుంచే రాస్తున్నాను. రాసిన పుస్తకం ఇప్పుడు లేదు.

అది యుద్ధం ఓడలకు తిండి పెట్టే ఓడ. శాంతి కాలంలో బొంబాయికీ రంగూనుకూ మధ్య పత్తి, బియ్యం మోసేది. నౌకాదళం దాన్ని తీసుకుని, నల్ల రంగు మీద బూడిద రంగు పూసి, వెనక వైపు ఒక ఫిరంగి బిగించింది. ఆ ఫిరంగి పేలినప్పుడల్లా గాడిద తన్నినట్టు ఓడ వెనక్కి ఊగేదట గానీ దేనికీ తగిలేది కాదట. ఏడెన్, కరాచీ, త్రింకోమలీ, చిట్టగాంగు. ఎక్కడ యుద్ధం ఓడలు ఆగితే అక్కడికి పోయి పక్కన నిలబడి, గోధుమ పిండి, పప్పు, ఉల్లిగడ్డలు, సబ్బులు, తాళ్లు, రంగు డబ్బాలు, కిరసనాయిలు, ఫిరంగి గుండ్లు అందించేది. బావ పని ఓడ కడుపులో. ఏది మొదట దించాలో అది చివర ఎక్కించాలి. బరువైనవి అడుగున. గుండ్ల పెట్టెలు అన్నిటికన్నా కింద, వాటి మీద చాపలు, చాపల మీద పిండి బస్తాలు. మధ్యలో ఒక మనిషి పట్టేంత సందు. మట్టి పనిలో కూడా కొలత కోసం గుంత నడుమ ఒక మట్టి దిమ్మె తవ్వకుండా వదులుతారు. ఇక్కడ మట్టి వదిలితే అక్కడ గాలి వదిలారు, అంతే తేడా అనేవాడు బావ.

ఆయనకు చదువు రాదు, తారీఖులు తెలియవు. ఓడ చరిత్ర మొత్తం ఆయన తలలో సరుకుల వరసలో ఉండేది. పిండి దఫా, తాళ్ల దఫా, సబ్బుల దఫా. వాటన్నిటిలో ఉల్లిగడ్డల దఫా వేరు. అప్పుడు నాలుగు సరుకు ఓడలు వరసగా పోతున్నాయి. తెల్లవారుజామున ముందు ఓడ ఉన్న చోట ఒక చప్పుడైంది. వెలుగు వచ్చాక చూస్తే ఓడ లేదు. కనుచూపు మేర నీళ్ల మీద ఉల్లిగడ్డలు తేలుతున్నాయి. మనిషన్నవాడు ఒక్కడూ లేడు. కెప్టెను ఆగవద్దన్నాడు. వీళ్ల ఓడ ఆ ఉల్లిగడ్డల నడుమ నుంచే, వాటిని అటూ ఇటూ తోసుకుంటూ పోయింది. మా ఇంట్లో అక్క ఉల్లిగడ్డ కోస్తే బావ లేచి వాకిట్లోకి పోవడం నేను చాలాసార్లు చూశాను.

కెప్టెను గదిలో రహస్య సంకేతాల పుస్తకాలు కొన్ని ఉండేవట. వాటి అట్టలకు సీసం పలకలు కట్టి ఉంటాయి. శత్రువు ఓడ ఎక్కేలోపల అవి సముద్రంలో పడాలి, మనుషుల సంగతి తర్వాత. యుద్ధం ముగిశాక ఆ ఓడను బొంబాయి పక్కన బురద ఒడ్డున నిలబెట్టి ఇనుము కింద విరగ్గొట్టారు. బావ చేతికి ఒక కాగితం ఇచ్చారు. దానిమీద ఏదో ముద్ర పడాలంటే బొంబాయిలోనే ఒక దఫ్తరులో ఇచ్చి వచ్చాడు. అది మళ్లీ రాలేదు. ఆయన ఏ ఓడలో ఏం చేశాడో చెప్పడానికి నా పుస్తకం తప్ప మరో ఆధారం లేకుండా పోయింది.

ఆ పుస్తకం నేను 1948 ఎండాకాలంలో మొదలుపెట్టాను. బావ ఒక సాయంత్రం ఒక దఫా చెప్పేవాడు, నేను ఒక పేజీ రాసేవాణ్ణి. స్టాకు రిజిస్టరుకు గీసినట్టే గీతలు గీసుకున్నాను: వచ్చినవి, పోయినవి, మిగిలినవి. అట్ట మీద పెద్ద అక్షరాలతో "జహాజు చరిత్ర" అని రాశాను. జూలై నాటికి పద్దెనిమిది పేజీలయ్యాయి.

ఈ కథలు వినడానికి వచ్చేవాడు పోలీస్ పటేల్. ఊరి మంచిచెడ్డలు ఠాణాకు చేరవేయడం ఆయన పని. యాభై దాటినవాడు, మోకాళ్ల నొప్పులు, చేతిలో ఎప్పుడూ వెదురు కర్ర. వాళ్ల ఇంటివాళ్లు మా వాడలో కాలు పెట్టరు. ఈయన మాత్రం తనిఖీ అని చెప్పుకుని పొద్దువాలే వేళ వచ్చేవాడు. ఆయన కోసం ఒక నులక మంచం గోడకు నిలబెట్టి ఉంచేవాళ్లం. ఆయన వస్తే వాకిట్లో వాల్చేవాళ్లం, పోగానే లేపేవాళ్లం. మేము కింద కూర్చునేవాళ్లం. మా ఇంట మంచినీళ్లు కూడా తాగేవాడు కాదు. కానీ కూర్చోగానే, "ఏమయ్యా జహాజూ, ఇయ్యాల యే దరికున్నం?" అని అడిగేవాడు. ఉల్లిగడ్డల దఫా రెండుసార్లు చెప్పించుకున్నాడు. రెండోసారి విన్నాక, "ఒక్కడన్న తేలలేదాయె?" అన్నాడు.

ఆ రోజులు ఎట్లాంటివో మా తరం వాళ్లకు చెప్పనక్కరలేదు. పగలు రజాకార్లు, పోలీసులు. చీకటి పడితే నిజాం మీద తిరగబడ్డ సంగం వాళ్లు. మధ్యలో జొన్న చేలు. సడకు మీది పెద్ద ఊళ్లో పోలీసు క్యాంపు వేశారు. దాని పై అధికారి అమీన్, కాగితాలు చదివి రాసేది మున్షీ. యుద్ధంలో పనిచేసి వచ్చినవాళ్లను అక్కడికి పిలిపిస్తున్నారు. వాళ్లకు తుపాకుల పని తెలుసు, కృష్ణ అవతలి ఇండియన్ యూనియన్ వాళ్లతో మాట ఉందేమో అని అనుమానం. పక్క ఊళ్లో ఫౌజులో పనిచేసి వచ్చిన ఒకాయన్ని జూన్ చివర పిలిచారు. ఆయన చెప్పులు ఒక వారం తర్వాత ఇంటికి వచ్చాయి. ఆయన రాలేదు.

ఆ సోమవారం పొద్దుటి నుంచీ తుంపర. పటేల్ ఎప్పుడూ వచ్చే వేళ కన్నా ముందే, ఊరి బాట వదిలి చేల గట్ల మీదుగా వచ్చాడు. చేతిలో కర్ర లేదు. బావ పారకు కొత్త కట్టె చెక్కుతున్నాడు. అక్క జొన్నలు చెరుగుతోంది. చూపు పోయిన మా అవ్వ, అంటే అమ్మ, గడపలో కూర్చుని ఉంది. నేను మంచం వాల్చాను.

"పంతులూ, నీ కితాబు యాడ?" అన్నాడు పటేల్ కూర్చోకుండానే.

"ఏ కితాబు పటేలా?"

"ఏ కితాబేంది? జహాజు కితాబు. రేపు పొద్దుగాల అమీన్ సాబు ఈడికే వస్తున్నడు, గది సూస్తందుకు."

బావ చేతిలో కత్తి ఆగింది. అక్క చాట కింద పెట్టింది.

"గట్ల సూడకున్రి," అన్నాడు పటేల్, కూర్చుని మోకాలు రుద్దుకుంటూ. "నేనే చెప్పిన. నిన్న క్యాంపుల అమీన్ సాబు, మీ ఊర్ల లడాయికి పోయొచ్చినోడు ఎవడన్న ఉన్నడా అనడిగిండు. ఉన్నడు సాబ్, గని మావోడు తుపాకి ముట్టలే, పిండి బస్తాలు మోసిండు, ఉల్లిగడ్డలు మోసిండు, నమ్మకుంటే మా పంతులు అంత రాసిపెట్టిండు, పద్దెనిమిది పేజీలు, మీరే సూడున్రి అన్న. సాబు ఖుషీ అయిండు. పొద్దుగాలనే వస్త, ముందుగాల వాళ్లకు చెప్పకు అన్నడు. నేను చెప్పద్దు. గని ఇంకు మరకలు గిట్ల ఉంటె జర సాపు చేసుకుంటవని వచ్చిన. మన ఊరి ఇజ్జత్ గదా."

బావ మొహం తేలికపడింది. "మీ పుణ్యం పటేలా," అన్నాడు.

"తే, ఒక్క పేజీ సదువు. మున్షీ సదివితె ఎట్లుంటదో ఇందాం."

నేను లోపలికి పోయి పుస్తకం తెచ్చాను. కిందటి నెల కప్పు కారి దాని అట్ట తడిసి ఊడిపోయింది. కొత్తది అంటించాలనుకుంటూనే ఉన్నాను. చివరి వైపు ఒక పేజీ తీసి, బడిలో చదివినట్టు గట్టిగా చదివాను. ముందు మా ఊరి పేరు. తర్వాత తాలూకా, జిల్లా. తర్వాత తారీఖు, షహ్రేవర్ నాలుగు.

"వచ్చినవి: ఫిరంగి గుండ్లు, పెట్టెలు రెండు వందలు. గోధుమ పిండి, బస్తాలు ఆరు వందలు. పోయినవి: గుండ్లు, పెట్టెలు నూటయాభై. మిగిలినవి: గుండ్లు, పెట్టెలు యాభై. చాపలు కప్పి, పిండి బస్తాల కింద, పైకి కనబడకుండా ఉన్నవి."

చూరు నుంచి నీళ్లు పడుతున్న చప్పుడు. అవ్వ గడపలో నుంచి తల తిప్పింది.

"ఏం కొడుకా," అంది బావతో, "గా యాభై పెట్టెలు యాడ వెట్టినవ్? నాకొక్క మాటన్న చెప్పకపోతివి."

బావ నవ్వాడు. "సముద్రంల అవ్వా, సముద్రంల." అంటూనే పటేల్ వైపు చూసి నవ్వు ఆపేశాడు.

"ఇంకో పేజీ సదువు," అన్నాడు పటేల్.

చదివాను. మళ్లీ మా ఊరు, మా తాలూకా, మా జిల్లా. మరో తారీఖు. కిరసనాయిలు పీపాలు ఎన్ని వచ్చాయో, తాళ్లు ఎన్ని చుట్టలు వచ్చాయో, ఎన్ని పోయాయో. అప్పుడు నేను పేజీలన్నీ ఒక్కసారిగా తిప్పి చూశాను. పద్దెనిమిది పేజీల్లో ఎక్కడా ఓడ అన్న మాట లేదు. సముద్రం అన్న మాట లేదు. జహాజు చరిత్ర అని అట్ట మీద ఉంది కదా అని లోపల రాయలేదు, ఆ అట్టే ఇప్పుడు లేదు. ఇన్‌స్పెక్టరు నేర్పినట్టు వచ్చింది, పోయింది, మిగిలింది మాత్రమే రాశాను.

"పంతులూ, జహాజు పోయి రెండేండ్లాయె. గీ తారీఖు పోయిన వారంది గదా?"

"అది విన్న తారీఖు పటేలా. బావకు అసలు తారీఖులు ఎరుక లేవు. ఏ రోజు చెప్తె ఆ రోజు ఏసిన."

"మరి మీద మన ఊరి పేరెందుకున్నది?"

"రాసిన జాగా."

పటేల్ రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "నీ సదువు మంట్ల గలువ," అన్నాడు మెల్లగా. "గిది సదివితె ఏమనుకుంటరు? మన ఊర్ల, పోయిన వారం, రెండు నూర్ల పెట్టెల గుండ్లు దిగినయి. నూటయాభై సంగపోళ్లకు పోయినయి. యాభై ఇంట్ల దాసిపెట్టిండ్రు. గది రాసినోడు పంతులు, దించినోడు జహాజు."

"పొయ్యిల వెట్టు," అంది అక్క లేచి. "ఇప్పుడే. తే ఇటు."

"ఎట్ల వెడ్తవమ్మా? పద్దెనిమిది పేజీలని నా నోటితోని చెప్పొస్తి. రేపు లేదంటె, ఏముండెనో దాంట్ల, అందుకె కాలవెట్టిండ్రంటరు."

"నేను మళ్లీ రాస్త," అన్నాను. "ప్రతి పేజీ మీద ఓడ అని, సముద్రం అని."

"ఏ తారీఖులేస్తవ్?"

నేను అప్పటికే కలం కోసం లేచాను.

"తడి సిరా మున్షీకి తెల్వదా? ఇరవై ఏండ్లాయె ఆయన దొంగ కాగితాలు సూడవట్టి."

బావ అప్పటిదాకా పార కట్టె ఒళ్లో పెట్టుకుని వింటున్నాడు. "పటేలా," అన్నాడు, "పక్కూరి ఫౌజాయన వాపసొచ్చిండా?"

పటేల్ మోకాలు రుద్దుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

"ఇయ్యాల నేను ఈ వాడకు రాలే," అన్నాడు. "ఎప్పుడన్న వచ్చిన్నా నేను గీడికి? మా తాతల కాన్నుంచి ఎవలన్న వచ్చిండ్రా? మంచం లోపల వెట్టున్రి."

నాలుగడుగులు పోయి, మా వైపు తిరగకుండానే, చేలతో చెబుతున్నట్టు అన్నాడు: "కిష్ణ నిండుగ వస్తున్నదట. అయినా నందికొండ దిక్కు పుట్టి ఏస్తున్నరట. అవుతల దరి యూనియన్."

ఆయన మళ్లీ ఎప్పుడూ మా వాకిట్లో కూర్చోలేదు.

బావ ఆలస్యం చేయలేదు. గొంగడి పరిచి మూట కట్టాడు. పుస్తకం అన్నిటికన్నా అడుగున పెట్టాడు. దాని మీద పాత ధోవతి, దాని మీద ఉప్పు, అన్నిటికన్నా పైన జొన్న రొట్టెలు. ముందుగా కావలసింది పైన. ఓడ అలవాటు. తర్వాత పారా తట్టా తీసుకున్నాడు. పార భుజాన వేసుకుని బాట వెంట పోయే పాలమూరు మనిషిని ఆ కాలంలో ఎవరూ రెండోసారి చూసేవాళ్లు కాదు.

"నేనొస్త," అంది అక్క.

"వద్దు. నువ్వుంటే నేను మట్టిపనికి పోయినట్టు. నువ్వు గూడ లేకుంటె పారిపోయినట్టు."

అక్క ఏడవలేదు. ఆమెకు కోపం వస్తే వెక్కిరింపు వచ్చేది. "సముద్రాలు దాటినోడివి, ఒక్క ఏరు దాటెతందుకు గింత మొఖం వెడ్తివేంది?"

"సముద్రంల ఓడ వేరెటోడు తోలె," అన్నాడు బావ.

నా వైపు చూసి, "బామ్మర్దీ, ఫికర్ చెయ్యకు. నువ్వు రాసింది తప్పు గాదు. నేను చెప్పిందే రాసినవ్," అన్నాడు. వెలుగు ఇంకా ఉండగానే జొన్న చేల నడుమ పడి పోయాడు. తుంపరలో కొంతదూరం దాకా పార అంచు కనిపించింది. తర్వాత అదీ లేదు.

ఆయన బతికి ఉన్నాడని మాకు దసరా దాటాకే తెలిసింది. నది నడుమకు వచ్చాక పుస్తకానికి రాయి కట్టి నీళ్లలో వదిలాడట. కెప్టెను పుస్తకాల్లాగే. అదంతా తర్వాత సంగతి. ఆ సాయంత్రం మాకేమీ తెలియదు.

అక్క మంచం లోపల పెట్టింది. వాకిట్లో పటేల్ చెప్పుల గుర్తులు చీపురుతో చెరిపింది. పారకట్టె చెక్కిన పేడులు ఏరి పొయ్యిలో వేసింది. అవ్వకు, ఎవరడిగినా అల్లుడు మూడు రోజుల కిందనే పనికి పోయిండని చెప్పాలని రెండుసార్లు నేర్పింది. నేను మాత్రం దీపం ముట్టించే వేళకు రోజూ చేసే పనే చేశాను. డైరీ తీశాను. జాగ్రత్తగా ఉండాలని నాకు తెలుసు. అందుకే మాట్లాడుకున్నది ఒక్క ముక్క రాయలేదు. అమీన్ మాట లేదు, పుస్తకం మాట లేదు, బావ పోయిన మాట లేదు. ఊరి పేరు రాశాను, తారీఖు వేశాను, హాజరు వేశాను, కింద ఖాళీ వదిలాను. చాలా తెలివిగా ఉన్నాననే అనుకున్నాను. మా ఇంటి కప్పు కారుతుంది కాబట్టి ఎప్పటిలాగే డైరీని గుడ్డలో చుట్టి, బడిలో రిజిస్టర్ల పెట్టెలో పెట్టి వచ్చాను.

మంగళవారం పొద్దున, వాన వెలిసింది. పిల్లలు రాకముందే అమీన్ వచ్చాడు. గుర్రం మీద ఆయన, వెనక నలుగురు జవాన్లు, ఒక మున్షీ. మున్షీ మా వైపు మనిషే, తెలుగువాడు, కళ్లద్దాలకు ఒక కాడ లేక దారం కట్టుకున్నాడు. పటేల్ తెల్లటి రుమాలు చుట్టుకుని, కర్ర పట్టుకుని, ఊరి వైపు నుంచి వచ్చినట్టు వాళ్ల ముందు నడిచి వచ్చాడు. మమ్మల్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

జహాజు ఎక్కడని అడిగారు. అక్క చెప్పింది. అవ్వ చెప్పింది. పుస్తకం ఎక్కడని అడిగారు. బావ దగ్గరే ఉందేమో నాకు తెలియదన్నాను. జవాన్లు ఇంట్లో జొన్నల కుండలు బోర్లించి, గోడలు పొడిచి చూశారు. లోపల నిలబెట్టిన మంచాన్ని పక్కకు తోశారు. అమీన్ పటేల్ వైపు తిరిగాడు.

"వాడికి నేను వస్తున్న సంగతి ఎట్ల తెలిసింది?"

"నాకేమెర్క హుజూర్," అన్నాడు పటేల్. "నేనీ వాడకెందుకొస్త? మా తాతల కాన్నుంచి మేమీడ కాలు వెట్టలే. అడుగున్రి ఎవలనన్న."

అది ఊళ్లో ఎవరైనా ఒప్పుకునే మాట. జవాన్లు కూడా నవ్వారు. అమీన్ తల ఊపాడు. అతను నమ్మాడని నాకు అర్థమైంది. అప్పుడే మున్షీ బడి పాకలో నుంచి బయటికి వచ్చాడు. చేతిలో నా డైరీ.

నిలబడే ఒక పేజీ తీసి చదువుకున్నాడు. "దస్తూరి మంచిగున్నది పంతులూ," అన్నాడు నాతో, మామూలుగా. తర్వాత చివరి పేజీ తీశాడు. చదివి, కళ్లద్దాల పైనుంచి పటేల్‌ను చూసి, పుస్తకం మూయబోయాడు. ఈ మాట నేను బాగా ఆలోచించే రాస్తున్నాను. ఆయన మూయబోయాడు.

"క్యా లిఖా హై?" అన్నాడు అమీన్. ఏం రాసి ఉంది?

మున్షీ చదవక తప్పలేదు. "సోమవారం, సాయంత్రం. హాజరు..."

బావ పేరుతో అక్క చెప్పిన మూడు రోజులూ అబద్ధమయ్యాయి, కానీ చివరి మాట విన్నాక అమీన్ చూపు పటేల్ మీదే ఆగింది. నేను ముందుకు వచ్చి, అది పొరపాటు, పటేల్ రాలేదు, అలవాటు కొద్దీ చెయ్యి రాసేసింది అన్నాను. నా జీవితంలో అధికారి ముందు ఆడిన మొదటి అబద్ధం అది. అమీన్ చేత్తో సైగ చేశాడు. మున్షీ వెనకటి పేజీలు తిప్పాడు. షహ్రేవర్, అంతకుముందు అమర్దాద్. "హాజరు: ... పోలీస్ పటేల్. బావ తాళ్ల దఫా చెప్పాడు." "హాజరు: ... పోలీస్ పటేల్. బావ ఓడలో ఉల్లిగడ్డల దఫా మళ్లీ చెప్పాడు. పటేల్ నవ్వలేదు."

"పదకొండు సార్లు పొరపాటైందా?" అన్నాడు అమీన్.

మున్షీ ఇంకా పేజీలు చూస్తున్నాడు. నాకు మాత్రమే వినబడేటట్టు అన్నాడు: "దీంట్ల ఓడ, సముద్రం అన్నీ ఉన్నయి గదయ్యా. ఏ దఫా ఏ రోజు చెప్పిండో ఉన్నది. ఆ పుస్తకం, ఇది, రెండు పక్కపక్కన వెట్టి సూపిస్తె సరిపోతుండె గదా? ఆయన ఎందుకు పోయె?"

అమీన్ దాన్ని నమ్మేవాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఆ ఆలోచన మా ఐదుగురిలో ఒక్కరికీ రాలేదు. నాకైనా రావలసింది.

పటేల్ నన్ను తిట్టలేదు. "పంతులు అబద్ధం రాయడు హుజూర్," అన్నాడు. "నేనే వచ్చి చెప్పిన." ఆయన రుమాలు విప్పి దానితోనే చేతులు వెనక్కి కట్టారు. బట్టతల మీద ఎండ పడింది. రుమాలు లేకుండా ఆయన్ని మేమెవరమూ చూసి ఉండలేదు. కర్ర కింద పడిపోతే అక్క తీసి ఇవ్వబోయింది. కట్టిన చేతులకు ఎట్లా ఇవ్వాలో తెలియక పట్టుకుని నిలబడింది.

గుర్రం వెనక నడుస్తూ నా ముందుకు వచ్చినప్పుడు ఆయన ఒక్క క్షణం ఆగాడు. మోకాళ్ల నొప్పికి ఆగాడో, మాట కోసం ఆగాడో.

"మంచం లోపల వెట్టుమంటి గద, పంతులూ," అన్నాడు.

వాళ్లు సడకు దిక్కుగా పోయారు. నా డైరీ కూడా వాళ్ల వెంటే పోయింది, సర్కారు మారాకే నా చేతికి తిరిగి వచ్చింది. పిల్లలు ఒక్కొక్కరే ఇండ్ల చాటు నుంచి వచ్చి పాకలో కూర్చున్నారు. నేను పెట్టెలో నుంచి రిజిస్టరు తీసి, ఊరి పేరు రాసి, తారీఖు వేసి, మొదటి పేరు పిలిచాను.

"హాజర్," అన్నారు లోపలి నుంచి. నేను గడిలో గుర్తు పెట్టకుండా పుస్తకం మూసేశాను.